నన్ను పెంచడం నీకెవరు నేర్పారమ్మా?

2024 థాంక్స్‌గివింగ్ సెలవులకి మా అమ్మాయి కాలేజీ నుంచి ఇంటికి వచ్చింది. మామూలుగా తెచ్చే మాసిన బట్టల మూటతో పాటు ఈసారి ఒక నోటుబుక్కు కూడా తెచ్చింది. మావారు హాల్లో లయన్స్ ఆట చూస్తున్నారు. మిచిగన్‌లో ఉన్నవాళ్ళకి చెప్పనక్కరలేదు, ఆరోజు డెట్రాయిట్‌లో ఫుట్‌బాల్ ఆట ఉండి తీరాల్సిందే. నేను వంటింట్లో గుత్తివంకాయకి గాట్లు పెడుతున్నాను. అమ్మాయి వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఫోనులో రికార్డరు నొక్కి, మొదటి ప్రశ్న అడిగింది.

"అమ్మా, నన్ను పెంచడం నీకెవరు నేర్పారు?"

"నేర్పడమేమిటే? పిల్లల్ని పెంచడం కూడా ఎవరైనా నేర్పుతారా?" అన్నాను.

"సరే, ఎవరూ నేర్పలేదని రాసుకుంటాను," అని నిజంగానే రాసేసుకుంది.

తను చదివేది బయాలజీ, మూడో సంవత్సరం. మెడికల్ స్కూలుకి పనికొస్తుందని ఈ సెమిస్టరులో పిల్లల ఎదుగుదల, కుటుంబ జీవితం గురించి ఒక కోర్సు తీసుకుంది. తల్లిదండ్రుల్ని, వీలైతే తాతయ్యనో అమ్మమ్మనో కూర్చోబెట్టి, వాళ్ళు పిల్లల్ని ఎలా పెంచారో అడిగి రాయడం అందులో ఒక హోంవర్కు. ఆ కోర్సు సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, కాస్త బాధా కలిగింది. ఇంత ఫీజులు పోసి చివరికి పిల్లల్ని ఎత్తుకోవడం నేర్చుకోవడమా అని!

ఆ చులకన నాకు కొత్త కాదు. మా పెదనాన్నగారి అమ్మాయి గుంటూరులో హోమ్ సైన్స్ చదివేది. "అన్నం వండడానికి డిగ్రీ ఎందుకే?" అని మేమంతా దాన్ని ఏడిపించేవాళ్ళం. ఇంటరులో మార్కులు తక్కువ వచ్చినవాళ్ళు, పెళ్ళి కుదిరేదాకా కాలక్షేపం కావలసినవాళ్ళు చేరే చదువని మా అందరి అభిప్రాయం. పసిపిల్లల ఎదుగుదల, పోషకాహారం, కుటుంబ సంబంధాలు అందులో పాఠాలని మాకెవరికీ పట్టలేదు. నేను ఎమ్మెస్సీ చేశాను, ఆపైన కంప్యూటరు కోర్సు చేశాను. 2004లో ఇక్కడి ఆస్పత్రిలో పిల్లని చేతికిచ్చిన రోజున ఆ రెండు చదువుల్లో ఒక్కటీ అక్కరకి రాలేదు.

లాప్‌టాప్ పట్టుకున్నట్టు

అయినా నేనన్నది పూర్తిగా అబద్ధం కాదు. మా తరానికి ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర లేకపోయింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో, మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒక చంటిపిల్ల ఉండేది. ఒక ఏడాది పిన్ని పురిటికి వస్తే, మరో ఏడాది అక్క వచ్చేది. పదేళ్ళు వచ్చేసరికి చంకన పిల్లని వేసుకుని వీధిలో తిరిగేవాళ్ళం. మెడ నిలవని పిల్లని ఎలా ఎత్తుకోవాలో, ఏది ఆకలి ఏడుపో ఏది నిద్ర ఏడుపో మాకు ఎక్కాలకన్నా ముందే వచ్చు.

మా అమ్మాయి మాకు ఒక్కతే. మేనత్త పిల్లలు కాలిఫోర్నియాలో, మేనమామ పిల్లలు హైదరాబాదులో. కోర్సులో భాగంగా, వాళ్ళ యూనివర్సిటీ నడిపే పిల్లల బడిలో వారానికి రెండు గంటలు కూర్చుని చూసి రావాలట. అక్కడ ఎనిమిది నెలల బాబుని తన చేతికిచ్చారు. ఇరవై ఏళ్ళు నిండాక తను ఎత్తుకున్న మొదటి పసివాడు వాడేనట! "లాప్‌టాప్ పట్టుకున్నట్టు పట్టుకున్నానమ్మా, టీచరు నవ్వింది," అని చెప్పింది. నేనూ నవ్వాను గానీ, తరవాత ఆలోచిస్తే మనసు చివుక్కుమంది. పియానో నేర్పించాం, కూచిపూడి నేర్పించాం, శనివారం శనివారం తెలుగు బడికి తిప్పాం. ఒక పసిబిడ్డ దగ్గర కూర్చునే అవకాశం మాత్రం ఇవ్వలేకపోయాం.

ఇలాంటి చదువుకి మన మిచిగన్‌కి దగ్గరి సంబంధం ఉంది. 1916లో కన్నుమూసిన లిజ్జీ మెరిల్ పామర్ అనే డెట్రాయిట్ సంపన్నురాలు, ఆడపిల్లలకి తల్లి కావడంలోనూ ఇల్లు నడపడంలోనూ శిక్షణ ఇచ్చే బడి పెట్టమని వీలునామాలో 30 లక్షల డాలర్లు రాసి వెళ్ళారు. ఆ డబ్బుతో 1920లో మెరిల్-పామర్ స్కూలు మొదలైంది. 1922లో దానికి అనుబంధంగా నర్సరీ బడి తెరిచారు. వేరే కాలేజీల విద్యార్థినులు కూడా వచ్చి, పిల్లల మధ్య కూర్చుని చదువుకుని వెళ్ళేవారు. ఇప్పుడది వేన్ స్టేట్ యూనివర్సిటీలో పిల్లల మీద, కుటుంబాల మీద పరిశోధన చేసే సంస్థగా ఉంది. ఇన్నేళ్ళుగా ఆ డెట్రాయిట్ మీదుగా విమానాశ్రయానికి వెళ్ళి వస్తున్నా, ఈ సంగతి మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు.

తను చెప్పిన మరో సంగతి వింటే ఒళ్ళు జలదరించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయం హోమ్ ఎకనామిక్స్ విభాగంలో, 1920ల ప్రాంతం నుంచి చాలా ఏళ్ళు, అనాథ శరణాలయాల నుంచి పసిపిల్లల్ని అరువు తెచ్చుకునేవారట. విద్యార్థినులు ఒక ఇంట్లో ఉంటూ వంతులవారీగా ఆ బిడ్డకి తల్లులయ్యేవారు. పాఠం కోసం తెచ్చిన బిడ్డలు కాబట్టి వాళ్ళ ఇంటిపేరు కూడా సబ్జెక్టు పేరునుంచే కుదించి 'డోమెకాన్' అని పెట్టేవారట. "రోజుకో అమ్మ మారితే ఆ బిడ్డకి ఎలా ఉండేదో ఎవరూ ఆలోచించలేదా?" అంది మా అమ్మాయి. అరవై మంది మధ్య పెరిగిన నాకు, రోజుకో చెయ్యి మారడం అంత ఘోరంగా అనిపించలేదు. కానీ మా ఇంట్లో ఎన్ని చేతులు మారినా, రాత్రికి చేరే ఒడి ఒక్కటే. ఆ తేడా తను చెప్పాకే నాకు అర్థమైంది.

ఆ తరవాతి కాలంలో హైస్కూళ్ళలో రాత్రిళ్ళు ఏడ్చే బ్యాటరీ బొమ్మలొచ్చాయి. పిల్లని పెంచడం ఎంత కష్టమో చూపిస్తే, చిన్న వయసులో గర్భం తెచ్చుకోకుండా ఉంటారని ఆశ. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఆ బొమ్మలు ఇచ్చిన స్కూళ్ళనీ ఇవ్వని స్కూళ్ళనీ పోల్చి చూసిన అధ్యయనం 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. బొమ్మ తీసుకున్న అమ్మాయిల్లోనే గర్భం దాల్చినవాళ్ళు ఎక్కువగా తేలారు. భయపెట్టి నేర్పే పాఠం ఎంతవరకు పనిచేస్తుందో దీన్నిబట్టి తెలుస్తోంది.

నేను ఏ పెట్టెలో ఉన్నాను?

కోర్సులో అందరికీ బాగా గుర్తుండిపోయే పాఠం డయానా బామ్‌రిండ్‌ది. బర్కిలీలో పనిచేసిన ఈ మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో పెంపకాన్ని మూడు రకాలుగా విడదీశారు. చెప్పింది చెయ్యి, ఎందుకని అడక్కు అనేది ఒకటి. ఏదడిగినా సరే అనేది రెండోది. హద్దులు గట్టిగా పెడుతూనే, ఎందుకు పెట్టామో చెప్పి, పిల్లల మాట కూడా వినేది మూడోది. 1983లో మకోబీ, మార్టిన్ అనే ఇద్దరు దీనికి నాలుగోది కలిపారు, అసలు పట్టించుకోకపోవడం.

"మరి నేనెందులో వస్తాను?" అని ఆశగా అడిగాను. మూడోదంటుందని నా నమ్మకం.

"మొదటిదమ్మా," అంది తడుముకోకుండా. "నాన్న రెండోది." హాల్లోంచి మావారి నవ్వు వినబడింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నా మొహం చూసి తనే సర్దింది. 1994లో రూత్ చావ్ అనే పరిశోధకురాలు, వలస వచ్చిన చైనా తల్లులకీ ఇక్కడి తల్లులకీ ప్రశ్నలు వేసి చూసి, ఈ పెట్టెలు ఆసియా కుటుంబాలకి సరిగ్గా సరిపోవని రాశారట. పైకి కాఠిన్యంలా కనబడేదాంట్లో పిల్ల బాగుపడాలన్న తపన, రోజంతా వెంట ఉండి దిద్దే శ్రమ కలిసి ఉంటాయని ఆమె వాదన. "అందుకని నీకు సగం మార్కులు ఇస్తాను," అంది. అంతవరకు సరదాగానే సాగింది.

ఏడో ప్రశ్న

ఏడో ప్రశ్న ఇది: మీ పిల్లలు కూడా ఒకరోజు పిల్లల్ని కనాలని మీరు కోరుకుంటున్నారా?

"ఇదేం ప్రశ్నే? కోరుకోకుండా ఉంటానా?" అన్నాను.

అది రాసుకుని, పెన్ను పక్కన పెట్టి, "నేను వద్దనుకుంటున్నానమ్మా. పెళ్ళి చేసుకుంటానేమో. పిల్లలు మాత్రం వద్దు," అంది.

ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదని నాకు తెలుసు. అమెరికాలో ఇంకా పిల్లలు లేని, యాభై ఏళ్ళలోపు వాళ్ళని ప్యూ పరిశోధనా సంస్థ అడిగితే, ఇకముందు కూడా కనే అవకాశం లేదన్నవాళ్ళు 2018లో 37 శాతం, 2023లో 47 శాతం. మన వైపు మాత్రం తక్కువేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలంటారు. ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనని 2024లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీయే తీసేసింది. అయితే లెక్కలు చదవడం వేరు, మన వంటింట్లో మన పిల్ల నోట వినడం వేరు.

"ఎందుకమ్మా? చదువు అప్పులా? ఉద్యోగం పోతుందనా?"

కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా అంది. "అవన్నీ ఉన్నాయి. కానీ చిన్నప్పటినుంచి నువ్వూ నాన్నా నాతో ఎక్కువసార్లు అన్న మాట ఏమిటో తెలుసా? 'ఇదంతా నీ కోసమే.' నువ్వు ఉద్యోగం మానేసింది నా కోసమే. ఈ ఊళ్ళో ఇల్లు కొన్నది నా స్కూలు కోసమే. నాన్న సోమవారం వెళ్ళి గురువారం రాత్రి వచ్చేది నా కోసమే. ఆఖరికి అమెరికా వచ్చింది కూడా నా కోసమే అన్నావు. మీరు వచ్చింది 2001లో, నేను పుట్టింది 2004లో! నేను పుట్టకపోతే మీరిద్దరూ హాయిగా ఉండేవాళ్ళేమో అనిపించేదమ్మా. పిల్లని కనడమంటే నీలా అలసిపోవడమే అయితే, నాకు వద్దు."

హాల్లో టీవీ చప్పుడు ఆగిపోయింది. పొయ్యి మీద వేరుశెనగపప్పు మాడిపోయింది. నా నోటికి సమాధానం రాలేదు.

నేను చెప్పనిది

"మీ కోసమే" అని మనం ప్రేమతోనే అంటాం. మా నాన్నగారు మాతో అనేవారు, మేము మా పిల్లతో అన్నాం. మాకు మాత్రం ఆ మాటతో పాటు వేరే దృశ్యాలు కూడా కనబడేవి. నాన్నగారు పొలం నుంచి వచ్చి అక్క కొడుకుని భుజాలెక్కించుకుని గంతులేయడం చూశాం. అమ్మా పిన్నీ పెరట్లో పిల్లలకి నీళ్ళు పోస్తూ పగలబడి నవ్వుకోవడం చూశాం. కష్టం మాట చెవిన పడేది, సంతోషం కంటికి కనబడేది. ఇక్కడ నాలుగు గోడల మధ్య మా అమ్మాయికి ఆ దృశ్యం లేదు. మాట ఒక్కటే మిగిలింది. ఆ మాట తనకి అప్పుపత్రంలా వినబడింది.

అప్పుడు నేను తనకి ఇదివరకెన్నడూ చెప్పనివి చెప్పాను. తను పుట్టినప్పుడు మా అమ్మ సందర్శకుల వీసా మీద వచ్చి ఆరు నెలలుంది. 2005 జనవరిలో అమ్మ విమానం ఎక్కిన మర్నాడు బయట మోకాలి లోతు మంచు. మావారు క్లయింటు దగ్గర, వేరే రాష్ట్రంలో. హెచ్-4 వీసా కాబట్టి ఉద్యోగం చేసే వీలు నాకు అప్పటికే లేదు. అంటే నేను ఉద్యోగం మానేసింది తన కోసం కాదు! ఆ చలికాలం నేను ఎన్నో మధ్యాహ్నాలు ఏడ్చాను. ఫోను కార్డు గీకి అమ్మకి ఫోను చేసి, అంతా బాగుందని చెప్పి పెట్టేసేదాన్ని. నన్ను అలసగొట్టింది మా పిల్ల కాదు, ఒంటరితనం. 2024 ఆగస్టులో అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తిగారు తల్లిదండ్రుల మీద ఒత్తిడి గురించి ఒక ప్రత్యేక హెచ్చరికే విడుదల చేశారు. దాదాపు రోజూ తట్టుకోలేనంత ఒత్తిడి ఉందన్న తల్లిదండ్రులు 48 శాతమని, మిగతా పెద్దవాళ్ళలో అది 26 శాతమేనని అందులో ఉంది. ఒంటరితనం ప్రస్తావన కూడా ఉంది. 2005లో నాకు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇంకొకటి కూడా చెప్పాను. అదే చలికాలంలో ఒక తెల్లవారుజామున మంచు తోసే బండి మా వీధిలోకి వచ్చింది. దాని పసుపు దీపం గిర్రున తిరుగుతుంటే, ఆ వెలుగు మా పడగ్గది పైకప్పు మీద తిరిగింది. ఒళ్ళో ఉన్న ఆరు నెలల పిల్ల దాన్ని చూసి కిలకిలా నవ్వడం మొదలుపెట్టింది. ఆ బండి వెళ్ళిపోయేదాకా నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను. ఆ నెలంతటిలో నేను నవ్వింది అదే మొదటిసారి. ఆ తరవాత మంచు పడుతుందని వార్తల్లో చెబితే సంతోషించేదాన్ని, బండి వస్తుందని.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది.

నిజంగానే, ఎందుకు చెప్పలేదు? ఎంత ఫీజు కట్టామో చెప్పాం, ఎన్ని మైళ్ళు కారు నడిపామో చెప్పాం. ఇది చెప్పాలని తోచలేదు. మావారు గుమ్మంలో నిలబడి, గురువారం రాత్రి విమానం దిగి ఇంటికి వచ్చేటప్పుడు, మెలకువగా ఉంటుందో లేదో అని దారంతా తొందరపడేవాణ్ణని చెప్పారు. ఆ మాట నేనూ అప్పుడే విన్నాను. తన క్లాసులో మగపిల్లలు నలుగురేనట. "నా కాలేజీలో ఇలాంటి క్లాసుంటే నేను కూర్చునేవాణ్ణి," అన్నారు మావారు. పెళ్ళయ్యాక పదేళ్ళకి డయపరు మార్చడం నేర్చుకున్న మనిషి ఆ మాట అంటే నవ్వాగలేదు గానీ, మాట మాత్రం నిజం.

అమ్మమ్మ పాఠం

మర్నాడు పొద్దున్న వీడియోలో మా అమ్మని పట్టుకుంది మనవరాలు. అదే ప్రశ్న. అమ్మ లెక్కపెట్టి చెప్పింది. కాళ్ళమీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్ళు పోయడం అత్తగారి దగ్గర, ఉగ్గు పెట్టడం తోడికోడలి దగ్గర, దిగులుపడకుండా ఉండడం పక్కింటి ముస్లిం అవ్వ దగ్గర నేర్చుకుందట. ఒక్కో పనికీ ఒక్కో గురువు! "ఎవరూ నేర్పలేదు" అని నేను రాయించిన జవాబు అప్పుడు కొట్టేయించాను.

మా అమ్మాయి కూడా ఊరుకోలేదు. పసిపిల్ల ఊకొడితే పెద్దవాళ్ళు తిరిగి బదులివ్వడం వల్ల మెదడు ఎదుగుతుందని క్లాసులో చెప్పారని, అమ్మమ్మ నీళ్ళు పోస్తూ చెప్పే కబుర్లు అలాంటివేనని మెచ్చుకుంది. కానీ ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించకూడదని, పక్కకో బోర్లానో కాకుండా వెల్లకిలా పడుకోబెట్టాలని గట్టిగా చెప్పింది. 2004లో పడక విషయంలో ఇక్కడి నర్సుకీ మా అమ్మకీ మధ్య నలిగింది నేను! ఇరవై ఏళ్ళ తరవాత అదే మాట మనవరాలు చెబితే, "అలాగేనమ్మా" అని ఒప్పేసుకుంది. చివర్లో మాత్రం ఒకటి అడిగింది: "అన్నీ బాగానే చెప్పారు. మీ క్లాసులో జోల పాడడం నేర్పారా?" నేర్పలేదంది మా అమ్మాయి. "అయితే అది నా దగ్గరికొచ్చి నేర్చుకో," అంది అమ్మ.

మా అమ్మాయి మనసు మారిందా అని మీరడగొచ్చు. నేను అడగలేదు. పిల్లల్ని కనాలో వద్దో తన ఇష్టం, తన జీవితం. ఏది నిర్ణయించుకున్నా, మమ్మల్ని బాధపెట్టిన బరువుగా తన బాల్యాన్ని తలుచుకుని నిర్ణయించుకోకూడదన్నదే నా ఆశ. ఆదివారం సాయంత్రం గోంగూర పచ్చడి సీసా, ఉతికిన బట్టలు తీసుకుని కాలేజీకి వెళ్ళిపోయింది. హోంవర్కులో మంచుబండి సంగతి రాసిందట.

ఈ పత్రిక చదివే కుటుంబాల్లో కాలేజీ వయసు పిల్లలున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మీ అమ్మాయో అబ్బాయో ఇలాంటి కోర్సు తీసుకుంటానంటే, నాలా నవ్వకండి. ముఖ్యంగా అబ్బాయిల్ని ప్రోత్సహించండి. మన సంఘం పిక్నిక్కులకి చంటిపిల్లలతో వచ్చే కొత్త దంపతులుంటారు. ఆ పిల్లల్ని కాసేపు మీ పెద్దపిల్లల చేతికివ్వమని అడగండి. ఆ తల్లికి వేడిగా ఒక ముద్ద దిగుతుంది, మీ పిల్లలకి ఒక పాఠం దొరుకుతుంది. ఈసారి "మీ కోసమే" అనబోయినప్పుడు ఒక్క క్షణం ఆగి, వాళ్ళ వల్ల మీరు నవ్విన రోజు ఒకటి గుర్తు తెచ్చుకుని, అది చెప్పండి. పిల్లలూ, మీరు చదువుతుంటే, అమ్మానాన్నల్ని మీరే అడగండి. మొదట "మాకెవరు నేర్పారు" అని కసురుతారు. కొంచెం ఓపిక పడితే చెబుతారు.